వార్ధక్యంలో స్మృతి సంరక్షణ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ధారణ సంప్రదాయం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కంఠస్థ విద్యకు, పద్యనాటకానికి పేరుపొందినవి. చిన్ననాడు నేర్చిన పద్యాలను తడబాటు లేకుండా చదివే వృద్ధులు ఇక్కడ నేటికీ కనిపిస్తారు. ఆ ధార విన్న కుటుంబసభ్యులు వారి జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదని భావించడం సహజం. అయితే పాత పద్యం నిలిచి ఉండటం వేరు, కొత్త విషయం మనసుకు పట్టడం వేరు. ఈ భేదాన్ని స్మృతికి సంబంధించిన పరిశోధనల ఆధారంగా వివరించడం, ధారణ సంప్రదాయంలోని పద్ధతులు వృద్ధుల స్మృతి సంరక్షణకు ఎంతవరకు ఉపకరిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ధారణ, అవధానం, పద్యనాటకం, వార్ధక్యం, స్మృతి, మతిమరుపు, డిమెన్షియా.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి ఒక కూడలి. అక్కడి నుంచి ఒక రైలుమార్గం రేపల్లెకు, మరొకటి బాపట్ల మీదుగా చెన్నై వైపు సాగుతాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోగా, బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. పాలనాపరంగా వేరైనా ఈ మూడు పట్టణాల సాహిత్య, రంగస్థల సంప్రదాయం ఒకటే.

ఈ ప్రాంతంలో ఒక సన్నివేశం తరచుగా ఎదురవుతుంది. డెబ్బై అయిదేళ్లు దాటిన పెద్దాయన రాయబార ఘట్టంలోని పద్యాలు వరుసగా చదువుతాడు. ఎక్కడా యతి తప్పదు, పాదం జారదు. ఆ రోజు ఉదయం రక్తపోటు మాత్ర వేసుకున్నాడో లేదో మాత్రం చెప్పలేడు. మనుమరాలి పెళ్లి ఎప్పుడని గంటలో మూడుసార్లు అడుగుతాడు. ఇంటివారు మొదటి దానికి మురిసిపోతారు, రెండో దాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకుంటారు. 'ఇన్ని పద్యాలు నోటికి వచ్చేవాడికి మతిమరుపేమిటి' అన్న మాటతో వైద్యుడి దగ్గరకు వెళ్లవలసిన సమయం దాటిపోతుంది.

ఇది చిన్న సమస్య కాదు. భారతదేశంలో 60 ఏళ్లు, అంతకు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే గ్రామాలలో దీని వ్యాప్తి ఎక్కువని కూడా అది తెలిపింది. కాబట్టి వృద్ధుల జ్ఞాపకాన్ని ఏ కొలతతో కొలుస్తున్నామన్నది ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న.

2. ప్రాంతీయ ధారణ సంప్రదాయం:

తెలుగువారికి ధారణ ఒక విద్య. గురువు చెప్పిన పాఠభాగాన్ని సంథ అన్నారు. ఒక్కసారి వినగానే పట్టుకోగలవాడు ఏకసంథాగ్రాహి. పట్టిన పాఠాన్ని వల్లె వేయడం విద్యార్థి నిత్యకృత్యం. వేదాధ్యయనంలో పద, క్రమ, జట, ఘన పాఠాలు ఒకే మంత్రాన్ని పలు విధాలుగా చదివిస్తాయి. ఎక్కాలు, అమరకోశం, శతక పద్యాలు వీధిబడిలో కంఠతా పట్టించినవే.

ఈ విద్య పండితులకే పరిమితం కాకపోవడానికి ముఖ్యకారణం రంగస్థలం. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామవిలాస సభ ప్రదర్శనలతో ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధుడయ్యాడు. 'సత్యహరిశ్చంద్రీయం' రచించిన బలిజేపల్లి లక్ష్మీకాంతం జన్మస్థలం బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడు. రేపల్లె ప్రాంతంలోని కావూరులో పుట్టిన తుమ్మల సీతారామమూర్తి 'మహాత్మకథ'ను పద్యంలో చెప్పి 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. పల్లెల్లో రాత్రంతా సాగిన నాటకాలలో ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అని కేకవేస్తే నటుడు అదే పద్యాన్ని మళ్లీ పాడేవాడు. అక్షరం రానివారికి కూడా పద్యాలు నోటికి రావడానికి ఈ పునరావృత్తే దోహదం చేసింది.

ఈ పద్యనాటకాలకూ అవధానానికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఊరూరా మోగిన 'పాండవోద్యోగ విజయాలు' రచించిన తిరుపతి వేంకట కవులు శతావధానులు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి రెండోవారి వద్దకు వెళ్తాడు. ఎనిమిది మందినీ చుట్టి మళ్లీ మొదటివారి వద్దకు వచ్చి, వదిలిన చోటి నుంచి రెండో పాదం అందుకుంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఏకాగ్రతను చెదరగొడుతుంటాడు. పాదాలన్నీ పూర్తయ్యాక, చివరన పద్యాలన్నింటినీ అప్పజెప్పడమే ధారణ.

3. పద్యం నిలవడానికి కారణాలు:

పద్యం మనసులో నిలవడానికి దాని నిర్మాణమే మొదటి కారణం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదవ అక్షరంపై. చంపకమాలలో ఇరవై ఒక్క అక్షరాలు, యతి పదకొండవ అక్షరంపై. నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరానికి ప్రాస నియమం ఉంటుంది. ఒక పదం జారిపోయినా అక్కడ ఏ గణం పట్టాలి, ఏ అక్షరంతో మొదలవ్వాలి అన్నది ఛందస్సే సూచిస్తుంది. వెతకవలసిన పరిధి చాలా తగ్గిపోతుంది. రాగం, హార్మోనియం శ్రుతి, అభినయం, సన్నివేశం దీనికి తోడవుతాయి.

రెండవ కారణం అభ్యాసం జరిగిన కాలం. యౌవనంలో నేర్చి, ఏళ్ల తరబడి వల్లె వేసిన విషయం చాలాకాలం చెక్కుచెదరదు. పాఠశాలలో స్పానిష్ భాష నేర్చినవారిని యాభై ఏళ్ల వ్యవధి వరకు పరిశీలించిన హారీ బాహ్రిక్, మొదటి కొన్నేళ్లలో కొంత మరుపు వచ్చినా, మిగిలిన భాగం దశాబ్దాల పాటు స్థిరంగా నిలిచిందని 1984లో చూపాడు. అంతకు వందేళ్ల ముందే, 1881లో, ఫ్రెంచి మనస్తత్వవేత్త థియోడ్యూల్ రిబో స్మృతి దెబ్బతిన్నప్పుడు కొత్త జ్ఞాపకాలు ముందుగా పోతాయని, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయని సూత్రీకరించాడు.

మాత్ర వేసుకున్నామా లేదా అన్న విషయానికి ఇటువంటి ఆసరాలేవీ లేవు. దానికి యతి లేదు, ప్రాస లేదు. నిన్నటి మాత్ర, నేటి మాత్ర ఒకే రూపంలో ఉంటాయి. ఆ క్షణంలో మనసు పెట్టకపోతే ఆ జ్ఞాపకం ఏర్పడనే ఏర్పడదు.

4. పాత జ్ఞాపకం - కొత్త జ్ఞాపకం:

స్మృతి ఒకే శక్తి కాదు. నిన్న ఎవరు వచ్చారు, ఏం మాట్లాడారు అన్నది సంఘటనాస్మృతి. పదాల అర్థాలు, లోకజ్ఞానం విషయస్మృతి. సైకిలు తొక్కడం, హార్మోనియం మెట్లపై వేళ్లు కదిలించడం అభ్యాసస్మృతి. చేస్తున్న పనికి కావలసిన అంశాలను కాసేపు మనసులో నిలుపుకోవడం మరొక శక్తి. చేయవలసిన పనిని సమయానికి తలచుకోవడం ఇంకొకటి.

సాధారణ వార్ధక్యంలో విషయస్మృతి, అభ్యాసస్మృతి చాలావరకు నిలిచి ఉంటాయి. కొత్త సంఘటనలను పట్టుకోవడం, పేర్లను వెంటనే అందుకోవడం నెమ్మదిస్తాయి. పేరు ఇప్పుడు తట్టకపోయినా సాయంత్రానికి తడుతుంది. అల్జీమర్స్ వ్యాధిలో కొత్త జ్ఞాపకాల ఏర్పాటుకు కీలకమైన హిప్పోక్యాంపస్, దాని పరిసర భాగాలు తొలిదశలోనే దెబ్బతింటాయి. అప్పుడు పోయిన పేరు మళ్లీ తట్టకపోవడమే కాదు, పేరు చెప్పిన సంగతి కూడా గుర్తుండదు.

అందువల్ల పద్యం అప్పజెప్పగలగడం స్మృతి ఆరోగ్యానికి చాలిన నిదర్శనం కాదు. అది ఏనాడో గాదెలో చేరిన ధాన్యం. కొత్త పంట ఇంటికి వస్తున్నదా లేదా అన్నది గాదెను చూసి చెప్పలేము. అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, అలవాటైన లెక్కలలో తికమకపడటం, రోజూ చేసే వంటలో క్రమం తప్పడం వంటివి కొన్ని నెలలుగా పెరుగుతూ ఉంటే వైద్యపరీక్ష అవసరం.

ఈ పరీక్షను వాయిదా వేయకూడదనడానికి మరొక కారణం ఉంది. మతిమరుపుగా కనిపించేదంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. వీటిలో పలు కారణాలను సరిచేయవచ్చు. పద్యధారను చూసి నిశ్చింతగా ఉండిపోతే ఆ అవకాశం చేజారుతుంది.

5. ధారణాభ్యాసం - పరిశోధనలు తెలిపే మేర:

కంఠస్థ విద్య మెదడుపై ప్రభావం చూపుతుందా అన్న ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. వేదపండితులు 21 మందిని, అంతే సంఖ్యలో ఇతరులను పోల్చిన జేమ్స్ హార్ట్జెల్ బృందం, పండితుల మెదడులో భాష, స్మృతి, దృష్టికి సంబంధించిన భాగాలలో నిర్మాణ భేదాలు ఉన్నాయని 2016లో ప్రచురించింది. అయితే ఆ భేదాలు వారిని వార్ధక్యంలో మతిమరుపు నుంచి కాపాడతాయని ఆ అధ్యయనం నిరూపించలేదు.

అభ్యాసంతో సాధారణ జ్ఞాపకశక్తి పెరుగుతుందా అన్నదానికి అమెరికాలో జరిగిన 'యాక్టివ్' ప్రయోగం ముఖ్యమైనది. 65 ఏళ్లు పైబడిన 2,832 మందిలో కొందరికి జ్ఞాపకంలో, కొందరికి తర్కంలో, కొందరికి చూసిన దాన్ని త్వరగా గ్రహించడంలో శిక్షణ ఇచ్చారు. ఎవరికి దేనిలో శిక్షణ ఇచ్చారో వారు దానిలోనే మెరుగుపడ్డారని 2002లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. పదేళ్ల తరువాత తర్కం, వేగం శిక్షణల ఫలితం కొంత మిగిలింది గాని, జ్ఞాపక శిక్షణ ఫలితం నిలవలేదు. పద్యాలు వల్లె వేస్తే పద్యాలు వస్తాయి, తాళంచెవి ఎక్కడ పెట్టామో దానంతట అది గుర్తురాదు అన్నది దీని సారం.

తెలుగునేలపై జరిగిన ఒక అధ్యయనం మరో కోణం చూపింది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డిమెన్షియా నిర్ధారణ అయిన 648 మంది వివరాలను సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధిలక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరాస్యత లేనివారిలో కూడా ఈ భేదం కనిపించడం విశేషం. ఇది పరిశీలనాత్మక అధ్యయనం కనుక భాషే కారణమని తీర్పు చెప్పలేము. అయినా, నోటికి వచ్చిన దాన్ని చెప్పడం కంటే ఒక భాషను అదుపులో ఉంచి మరో భాషలో మాట అందుకోవడం వంటి నిత్యశ్రమ మెదడుకు మేలు చేయవచ్చన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే తెనాలి కుటుంబాలు ఈ శ్రమను ఏనాటి నుంచో చేస్తున్నాయి.

6. వల్లెవేత నుంచి అభ్యాసానికి:

పై పరిశీలన ధారణ సంప్రదాయం నిరుపయోగమని చెప్పడం లేదు. దానిలోని పద్ధతిని తీసుకోవాలి. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనపై తాను చేసుకున్న ప్రయోగాలతో మరుపు మొదట్లో వేగంగా, తరువాత నెమ్మదిగా సాగుతుందని చూపాడు. ఒకేసారి ఎక్కువసార్లు చదవడం కంటే ఎడం ఇచ్చి చదవడం మేలని కూడా గుర్తించాడు. మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి అప్పజెప్పడం ఎక్కువకాలం నిలుపుతుందని 2006లో రోడిగర్, కార్పికీ నిరూపించారు. అవధానిది ఈ పద్ధతే. ఒక పాదం చెప్పి, ఎడం ఇచ్చి, చూడకుండా తిరిగి అందుకుంటాడు.

దీన్ని నిత్యజీవితానికి ఇలా అన్వయించవచ్చు. వచ్చిన పద్యం కాక రాని పద్యం ఎంచుకోవాలి. మొదటి రోజు అర్థం తెలుసుకుని ఒక పాదం పట్టాలి. ఆ సాయంత్రం, మర్నాడు, మూడు రోజులకు, వారానికి, పక్షానికి పుస్తకం చూడకుండా చెప్పి, చివరన మాత్రమే సరిచూసుకోవాలి. తడబడిన చోటే అభ్యాసం జరుగుతుంది కనుక తడబాటును లోపంగా భావించకూడదు. ఇదే వరుసలో కొత్తగా వచ్చిన కోడలి పుట్టింటివారి పేర్లు, పక్కింటి పిల్లల పేర్లు, అవసరమైన ఫోను సంఖ్య నేర్చుకోవచ్చు. నిత్యావసరమైన విషయాన్నే అభ్యాసవస్తువుగా తీసుకోవడం ఇందులో ముఖ్యం.

మనుమలకు పద్యం నేర్పడం వచ్చిన పద్యాన్ని కొత్త శ్రమగా మారుస్తుంది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతకాలి, అర్థం విడమరచాలి, వాడు ఎక్కడ ఆగాడో గమనించాలి. ఒంటరిగా వల్లె వేసినప్పుడు ఈ పనులేవీ ఉండవు. గ్రంథాలయం కూడా ఇటువంటి చోటే. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థ ఉన్న ప్రాంతంలో, చదివిన కథను నలుగురికీ తిరిగి చెప్పే వారపు గోష్ఠి నిర్వహించడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు.

7. దేహస్థితి, సాంగత్యం:

స్మృతి దేహంలో భాగం. డిమెన్షియా నివారణపై 'లాన్సెట్' సంఘం 2024లో వెలువరించిన నివేదిక, మార్చగల ప్రమాదకారకాలను పద్నాలుగుగా లెక్కించింది. తక్కువ చదువు, వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, మధుమేహం, హానికర కొలెస్ట్రాల్, స్థూలకాయం, పొగతాగడం, అతిగా మద్యం, వ్యాయామం లేకపోవడం, కుంగుబాటు, తలకు గాయం, ఒంటరితనం, వాయుకాలుష్యం ఆ జాబితాలో ఉన్నాయి. వీటన్నింటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని ఆ సంఘం అంచనా.

వీటిలో వినికిడిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విననిది గుర్తుండదు. పెద్దలు పేరు మరచిపోయారని ఇంటివారు అనుకునే సందర్భాలలో వారికి ఆ పేరు సరిగ్గా వినపడి ఉండకపోవచ్చు. చెవి మందగించినవారు క్రమంగా మాటకు, సభకు, నాటకానికి దూరమై ఒంటరివారవుతారు. 70 నుంచి 84 ఏళ్ల మధ్య 977 మందితో అమెరికాలో జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో, మొత్తం మీద వినికిడి చికిత్సకు స్పష్టమైన ఫలితం కనబడలేదు. కాని ప్రమాదకారకాలు ఎక్కువగా ఉన్న వర్గంలో మూడేళ్లలో మేధాశక్తి క్షీణత 48 శాతం మందగించింది.

ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ల మధ్య 1,260 మందితో రెండేళ్లు సాగిన 'ఫింగర్' ప్రయోగం ఆహారం, వ్యాయామం, మేధోభ్యాసం, రక్తపోటు వంటి వాటి పర్యవేక్షణ అన్నింటినీ కలిపి అమలు చేసింది. మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే పొందినవారి కంటే ఈ వర్గం మేధాశక్తి పరీక్షలలో కొంత మెరుగైన ఫలితం పొందిందని 2015లో ప్రకటించారు. మేలు పరిమితమైనదే, కాని ఏ ఒక్క ఉపాయం మీదో ఆధారపడటం కంటే అన్నింటినీ కలిపి ఆచరించడం మంచిదని అది సూచించింది. కాలువగట్టున ఉదయపు నడక, రక్తపోటు, చక్కెర పరీక్షలు, చెవి, కంటి పరీక్షలు, సాయంత్రం నలుగురి మధ్య పద్యగోష్ఠి అన్నీ ఒకే చికిత్సలోని భాగాలుగా చూడాలి.

8. చదువు లేనివారి స్మృతి - కొలతల పరిమితి:

స్మృతిని పరీక్షించే ప్రశ్నావళులు చాలావరకు చదువుకున్నవారిని దృష్టిలో ఉంచుకుని తయారైనవి. వాక్యం రాయమనడం, నూరులో నుంచి ఏడు చొప్పున తీసివేయమనడం బడికి వెళ్లని మత్స్యకారుడికి, వ్యవసాయ కూలికి న్యాయమైన పరీక్షలు కావు. ఈ లోపాన్ని గుర్తించి 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణ వృద్ధులకు అనువైన హిందీ పరీక్షను రూపొందించారు. తెలుగు ప్రాంతాలలోనూ పంట కాలాలు, తిథులు, పండుగల వరుస, సంతకు దారి వంటివి ఆధారంగా అడిగితేనే అసలు స్థితి తెలుస్తుంది.

స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రంగస్థల పద్యానికి దక్కిన గౌరవం మంగళహారతులకు, వ్రతకథలకు, చుక్కల లెక్క తప్పని ముగ్గులకు దక్కలేదు. అవి కూడా ధారణ సంపదే. ఆమె వంటలో, ముగ్గులో, పాటలో వచ్చిన మార్పును ముందుగా పసిగట్టగలిగేది ఇంటివారే.

9. కుటుంబం చేయదగినవి:

ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు తడబాటు అభ్యాసమైతే, డిమెన్షియా వచ్చినవారికి అది అవమానమవుతుంది. 'నేనెవరో చెప్పు' అని పదిమంది ఎదుట అడగడం పరీక్ష అవుతుంది గాని సహాయం కాదు. 'నేను నీ పెద్దకొడుకును, బాపట్ల నుంచి వచ్చాను' అని తానే చెప్పి మాట మొదలుపెట్టడం మర్యాద. అటువంటివారి వద్ద తెలిసిన పద్యానికి వేరే విలువ ఉంటుంది. మొదటి పాదం అందిస్తే రెండో పాదం వారు అందుకోవచ్చు. అది చికిత్స కాకపోయినా, మాట తెగిపోయిన చోట మనిషిని మళ్లీ కలుసుకునే దారి.

బాహ్యసాధనాలను ఉపయోగించడం ఓటమి కాదు. వారాల గడులున్న మాత్రల పెట్టె, గోడమీద పెద్ద అక్షరాల క్యాలెండరు, తాళాలకు ఒకే కొక్కెం, ఉదయం కాఫీ తాగగానే మాత్ర అన్న నియమం మనసుపై భారం తగ్గిస్తాయి. వృద్ధుల సహాయానికి జాతీయస్థాయిలో 14567 ఫోను సేవ అందుబాటులో ఉంది.

10. ముగింపు:

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వృద్ధుల నోట నిలిచిన పద్యం ఒక సాంస్కృతిక సంపద. ఆ సంపదను జ్ఞాపకశక్తికి కొలమానంగా తీసుకోవడం పొరపాటు, పనికిరానిదని పక్కన పెట్టడం అంతకంటే పొరపాటు. ఎడం ఇచ్చి, చూడకుండా, మరొకరితో కలిసి కొత్తదాన్ని నేర్చుకోవడం దాని నుంచి గ్రహించవలసిన పద్ధతి. దానికి దేహారోగ్యం, వినికిడి, సాంగత్యం తోడు కావాలి. మాండలికాలను, మౌఖిక సాహిత్యాన్ని సేకరించడానికి పెద్దల దగ్గరకు వెళ్లే పరిశోధకులకు ఇందులో ఒక బాధ్యత కూడా ఉంది. వారు పద్యం రాసుకుని వచ్చేటప్పుడు, తాము ఎవరమో, ఎందుకు వచ్చామో ఆ పెద్దలకు రెండోసారి వెళ్లేనాటికి గుర్తుందా అన్నది గమనించగలిగితే, ఒక ఇంటికి సకాలంలో మేలు చేసినవారవుతారు.